పసిబిడ్డ తల్లికి ప్రార్థన కుదరడం లేదంటే విశ్వాసం చల్లారినట్టేనా?

వందనాలు తల్లీ. నీ ప్రశ్న నిన్న రాత్రి చదివాను, పొద్దున లేచి మళ్లీ చదివాను. నీది మా పెద్దమ్మాయి వయసే కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

తర్వాత చదివేవాళ్ల కోసం నువ్వు అడిగింది క్లుప్తంగా చెబుతాను. పెళ్లికి ముందు పుట్టింట్లో రోజూ ఐదింటికి లేచి గంటసేపు వాక్యం చదువుకుని ప్రార్థన చేసుకునేదానివి. ఇప్పుడు హైదరాబాదులో కాపురం, నాలుగేళ్ల బాబు, ఎనిమిది నెలల పాప, ఇంటి నుంచే ఉద్యోగం. బైబిల్ తెరిచి నెలలైంది. మోకాళ్లేస్తే కునుకు వచ్చేస్తోంది. ఆదివారం పాప ఏడుస్తుందని చర్చి బయట మెట్ల మీదే కూర్చుంటున్నావు. అత్తయ్య గారేమో "ఈ ఇంట్లో ప్రార్థన తగ్గింది, అందుకే శాంతి తగ్గింది" అన్నారు. నా విశ్వాసం చల్లారిపోయిందా, దేవుడు నన్ను పక్కన పెట్టేశాడా అని అడిగావు.

లేదమ్మా. ఆ మాట ముందు చెప్పేస్తే నాకూ మనసు తేలికపడుతుంది. చల్లారిపోయినవాళ్లకి చల్లారిపోయామన్న బాధ ఉండదు. నువ్వు అర్ధరాత్రి పూట కూర్చుని ఇంత పొడుగు ప్రశ్న రాశావంటే నీ లోపల నిప్పు ఉంది. పైన బూడిద పేరుకుంది, అంతే. ఆ బూడిద ఎక్కడిదో చూద్దాం.

నా గురించి కూడా కొంచెం చెప్పాలి. 33 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను, అందులో సగానికి పైగా కాన్పుల వార్డులోనే. మా సంఘంలో సండే స్కూలు నడిపాను, ఇప్పుడు స్త్రీల కూడిక చూసుకుంటున్నాను. ముగ్గురు పిల్లల్ని పెంచాను. అందుకని నీ ప్రశ్న చదివినప్పుడు నర్సు కళ్లకి ఒకటి కనపడింది, తల్లి కళ్లకి ఇంకొకటి కనపడింది. నర్సు చూసింది ముందు చెబుతాను, అది వాయిదా వేసే విషయం కాదు.

నువ్వు చివర్లో ఊరికే అన్నట్టు ఒక వాక్యం రాశావు. "పగలు కూర్చుంటే కునుకు వస్తుంది, రాత్రి పాప పడుకున్నాక మాత్రం నాకు నిద్ర పట్టదు, ఊరికే ఏడుపొస్తుంది." మిగతా ప్రశ్నంతా ఒక ఎత్తు, ఈ వాక్యం ఒక ఎత్తు. కాన్పయ్యాక మొదటి కొద్దిరోజులు చాలామందికి ఏడుపు, చిరాకు వస్తాయి, సాధారణంగా రెండు వారాల్లో అవే తగ్గిపోతాయి. నీ పాపకి ఎనిమిది నెలలు. బిడ్డ పడుకున్నా తల్లికి నిద్ర రాకపోవడం, కారణం లేని ఏడుపు, నేను దేనికీ పనికిరాననే ఆలోచన, ఇవి వారాల తరబడి ఉంటే డాక్టర్లు దాన్ని కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ అని చూస్తారు. ఇది ఏడాది లోపు ఎప్పుడైనా మొదలవ్వొచ్చు. ఇది పాపం వల్ల వచ్చింది కాదు, ప్రార్థన తక్కువై వచ్చింది కాదు, దయ్యం అసలే కాదు. దీనికి వైద్యం ఉంది. పాలిచ్చే తల్లులు వాడగలిగే మందులూ ఉన్నాయి, ఏది ఎంత అనేది డాక్టరు చెప్తారు. ఈ వారంలోనే వెళ్లి చూపించుకో. వెళ్లినప్పుడు హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించమని అడుగు. ఆడవాళ్లకి హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితే రక్తహీనత కిందే లెక్క. 8, 9 ఉన్న తల్లులు "ఈమధ్య దేవుడి మీద ఆసక్తి తగ్గిందండీ" అని నా దగ్గర ఏడవడం నేను చూశాను. కాన్పైన ఏడాది లోపు కొందరికి థైరాయిడ్ కూడా అటూ ఇటూ అవుతుంది, దాంతో నీరసం, దిగులు వస్తాయి. చచ్చిపోతే బాగుండనో, పాపని ఏమైనా చేస్తానేమోననో ఒక్క ఆలోచన వచ్చినా ఆ రోజే మీ ఆయనకి చెప్పి హాస్పిటల్‌కి వెళ్లు. 14416 కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు ఎత్తుతారు, ప్రభుత్వానిది, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

దేవుడి సంగతి అడిగితే ఈవిడ రక్తపరీక్ష గురించి చెబుతోందేంటి అనుకోకు. ఏలీయా ప్రవక్త సంగతి నీకు తెలిసిందే, బైబిల్లో మొదటి రాజులు 19వ అధ్యాయం. అంతకుముందు అధ్యాయంలోనే కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని రప్పించిన మనిషి, ఇక్కడికొచ్చేసరికి ఎడారిలో బదరీ వృక్షం కింద కూర్చుని నా ప్రాణం తీసుకో ప్రభువా అంటున్నాడు. దేవుడు ఏం చేశాడు? నీ విశ్వాసం ఏమైపోయింది అని మందలించలేదు. దూతని పంపి తట్టి లేపి తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డితో నీళ్లు. తిన్నాడు, మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి లేపి మళ్లీ తినమన్నాడు, నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది అన్నాడు. హోరేబు కొండ దగ్గర దేవుడి మెల్లని స్వరం వినపడింది ఆ తర్వాత, చాలా రోజులకి. ముందు తిండి, నిద్ర, మళ్లీ తిండి, ఆ తర్వాతే మాట. దేవుడే ఆ వరుస పాటించాడు, నువ్వు మాత్రం తిండీ నిద్రా మానేసి మెల్లని స్వరం కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటే ఎట్లా?

ఇప్పుడు తల్లిగా నాకు తోచింది చెబుతాను.

మాది బాపట్ల దగ్గర పల్లె. మా అమ్మకి చదువు రాదు. నాట్లకీ కలుపులకీ వెళ్లేది, ఐదుగురు పిల్లలం. పొద్దున పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం చేటలో పోసి రాళ్లు ఏరి, కడగబోయే ముందు అందులోంచి ఒక గుప్పెడు తీసేది. పొయ్యి పక్కన గూట్లో ఒక మట్టి ముంత ఉండేది, అందులో వేసేది. గుప్పెడు తీసేటప్పుడు ఆమె పెదాలు కదిలేవి. ఒకరోజు పక్కన కూర్చుని చెవి పెట్టి విన్నాను. "ప్రభువా, ఇవాళ నా పెద్దకొడుకు పరీక్ష, వాణ్ని చూసుకో" అంది, గుప్పెడు ముంతలో పడింది, అయిపోయింది. సాయంత్రం వంటకి మళ్లీ ఒక గుప్పెడు, మళ్లీ ఎవరిదో ఒక పేరు. శనివారం ఆ బియ్యం గుడ్డలో మూట కట్టి గుడికి ఇచ్చేవాళ్లు, పాస్టరు గారింటికి అవే బియ్యం. మిజోరంలో క్రైస్తవ స్త్రీలు కూడా 1910 నుంచీ ఇట్లాగే గుప్పెడు బియ్యం తీస్తున్నారు, బుహ్‌ఫాయ్ థమ్ అంటారట వాళ్ల భాషలో, అక్కడి సువార్త పనికి ఈనాటికీ ఆ గుప్పెళ్లే పెద్ద ఆసరా. మా అమ్మ ఏనాడూ బస్తా బియ్యం దేవుడికి ఇవ్వలేదు, గంటసేపు మోకాళ్ల మీద ఉండగా కూడా నేను చూడలేదు. మా ఇంట్లో ప్రార్థన లేదని మాత్రం ఎవరూ అనలేకపోయేవారు.

నీకు ఇప్పుడు బస్తా లేదు తల్లీ. గుప్పెడు ఉంది. ఐదింటికి లేచి, టీ పెట్టుకుని, నోట్‌బుక్‌లో రాసుకుంటూ చదువుకోవడం మంచి అలవాటే, నేనూ ఇప్పుడు అట్లాగే చేస్తున్నాను, ఎందుకంటే రిటైరయ్యాను, ఇల్లు ఖాళీ. అది విశ్వాసానికి ఒక రూపం మాత్రమే. మన దగ్గర విశ్వాసం ఎట్లా మొదలైందో చూడు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, అప్పటికి కరువుతో జనం ఎముకల గూళ్లయి ఉన్నారు. వాళ్లలో చాలామందికి అక్షరం ముక్క రాదు. తెల్లవారుజామున దీపం పెట్టుకుని బైబిల్ చదివిన తల్లులు కాదు వాళ్లు. కలుపు తీస్తూ పాడారు, పిల్లల్ని నిద్రపుచ్చుతూ విన్న వాక్యం చెప్పారు. అట్లా ఐదారు తరాలు దాటి నీ దాకా, నా దాకా వచ్చింది. చదువొచ్చిన మనం ఆ పని చేయలేమా?

నువ్వు చేయగలిగింది ఏంటో చెబుతాను, అన్నీ ఒకేసారి మొదలుపెట్టకు, ఒకటి పట్టుకో చాలు. కుక్కర్ పెట్టాక మూడు కూతలు వచ్చేదాకా ఎటూ వంటింట్లోనే ఉంటావు కదా, ఆ కాసేపూ ఫోన్ ముట్టుకోకుండా కూతకి ఒక పేరు చొప్పున చెప్పుకో. పాపకి నూనె రాసి స్నానం చేయించేటప్పుడు కాళ్లు రుద్దుతూ "ఈ కాళ్లు మంచి దారిలో నడవాలి ప్రభువా", చేతులు రుద్దుతూ "ఈ చేతులు ఎవరినీ కొట్టకూడదు" అను, మా వార్డులో ఒక ముసలి ఆయమ్మ ప్రతి పసిబిడ్డకీ అట్లా చేసేది, ఆమె ఏ మతమో కూడా నాకు తెలియదు. రాత్రి రెండింటికి పాలిచ్చేటప్పుడు తల దగ్గర గోడకి ఒక్క వాక్యం అంటించుకో. యెషయా 40:11 అంటించుకో, కాపరి గురించిన మాట, పాలిచ్చు వాటిని ఆయన మెల్లగా నడిపిస్తాడు అని ఉంటుంది. మెల్లగా అన్నాడు. మందంతా ముందుకు పోతుంటే పాలిచ్చే గొర్రె వెనకబడుతుందని కాపరికి తెలుసు, దాన్నేమీ తరమడు. ఒక వాక్యం నెల్లాళ్లు ఉన్నా ఫరవాలేదు. చెవిలో పెట్టుకుని వినడానికి ఆడియో బైబిల్ ఉంది, బట్టలు మడతపెడుతూ విను, మధ్యలో ధ్యాస పోతే పోనీ.

సమూయేలు తల్లి హన్నా గురించి ప్రసంగాల్లో ఎప్పుడూ మొదటి సమూయేలు గ్రంథం మొదటి అధ్యాయమే చెబుతారు, గుడిలో ఏడ్చి ప్రార్థన చేసింది, కొడుకు పుట్టాడు అని. నాకు రెండో అధ్యాయంలో ఉన్న ఒక్క వచనం ఎక్కువ ఇష్టం. సమూయేలుని మందిరంలో వదిలేశాక ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లి ఇచ్చేదట. పిల్లాడు కళ్ల ముందు లేడు, ఏడాదిలో ఎంత పొడుగు పెరిగాడో తెలియదు, చేతులు ఇంత ఉంటాయి, భుజం ఇంత ఉంటుంది అని ఊహించి కుట్టాలి. కన్నీటి ప్రార్థన ఎంత ప్రార్థనో ఆ కుట్టే పనీ అంత ప్రార్థనే అని నేను నమ్ముతాను. నువ్వు రోజూ బాబుకి బటన్లు పెట్టే చొక్కా కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

కుటుంబ ప్రార్థన గురించి. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి, ఇప్పటికీ బాధపడే తప్పు. మా పెద్దాడు అల్లరి. రాత్రి ప్రార్థనలో అందరం కళ్లు మూసుకున్నాక నేను "ప్రభువా, వీడు ఇవాళ అబద్ధం ఆడాడు, వీడికి బుద్ధి ప్రసాదించు, చదువులో వెనకబడ్డాడు, వీడి మొండితనం తీసెయ్" అని పేరు పెట్టి చేసేదాన్ని. నా ఉద్దేశం మంచిదే. వాడి చెవులతో విను ఒకసారి. ఇంట్లో వాళ్లందరి ముందు, రోజూ, వాడి మీద దేవుడికి ఫిర్యాదు వెళ్తోంది. ఎదురు చెప్పడానికి కూడా లేదు, ప్రార్థన కదా. పైగా నలభై నిమిషాలు కూర్చోబెట్టేవాళ్లం, నిద్రపోతే గిల్లి లేపేదాన్ని. పదహారో ఏట వాడు ప్రార్థనకి కూర్చోవడం మానేశాడు. ఇప్పుడు వాడికి ఇద్దరు పిల్లలు, చర్చికి వెళ్లడు. రెండేళ్ల కింద ఒకరోజు అర్ధరాత్రి ఫోన్ చేశాడు, చిన్నదానికి జ్వరం 104, దార్లో ఉన్నాం, "అమ్మా, ప్రార్థన చెయ్" అన్నాడు. ఫోన్ పెట్టేయకుండా కారులో అట్లాగే ఉంచాడు. నేను చేశాను. వాడి తప్పుల గురించి ఒక్క మాట లేకుండా వాడి కోసం ప్రార్థన చేయడం బహుశా అదే మొదటిసారి. తర్వాత మళ్లీ ఆ విషయం వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అందుకని మీ బాబు నాలుగేళ్ల వాడు, వాడికి ఏడు నిమిషాలు చాలు. ఒక పాట ఒక చరణం, కథ ఉన్న భాగం నాలుగైదు వచనాలు, ఒక్కొక్కరు ఒక్కో మాట, చివర అందరూ కలిసి పరలోకమందున్న మా తండ్రీ. వాడు వీధి కుక్క కోసం, స్కూల్ ఆటో అంకుల్ కోసం ప్రార్థన చేస్తే చెయ్యనివ్వు, నవ్వకండి, దిద్దకండి. ప్రార్థనలో వాడి గురించి చెప్పాలనిపిస్తే మెచ్చుకోలే చెప్పు, "ఇవాళ చెల్లికి బిస్కెట్ ఇచ్చాడు, థ్యాంక్యూ ప్రభువా" అని. తప్పు ఉంటే పక్కకి పిలిచి నువ్వే మాట్లాడు.

అత్తయ్య గారి మీద కోపం పెట్టుకోకు. ఆమె తరంలో ఇంటి భక్తిని ప్రార్థన గంటలతో కొలిచేవాళ్లు, అది ఆమె భయం కూడా, మనవలు దూరమైపోతారేమోనని. మంచి సమయం చూసి ఆమెనే అడుగు, "అత్తయ్యా, రాత్రిపూట నాకు ఓపిక ఉండట్లేదు, బాబుకి మీరు రోజూ ఒక బైబిల్ కథ చెప్పండి, మీరు చెప్తే వింటాడు" అని. తిమోతికి రాసిన రెండో పత్రిక మొదట్లోనే పౌలు ఆ అబ్బాయి విశ్వాసం ముందు అవ్వ లోయిలో, తర్వాత తల్లి యునీకేలో ఉందన్నాడు. అవ్వకి ఆ వరుసలో మొదటి చోటు ఉంది, ఆ చోటు ఆమెకివ్వు. ఆమె ఆ పనిలో పడితే నీకు అరగంట దొరుకుతుంది, ఆ అరగంట పడుకో. ప్రార్థన కాదు, పడుకో అంటున్నాను.

మీ ఆయన గురించి నువ్వు ఎక్కువ రాయలేదు, "ఆయన మంచివారే, ఆఫీసు నుంచి వచ్చేసరికి తొమ్మిదవుతుంది" అన్నావు. మంచివారే అయితే ఈ సమాధానం చూపించు, ఈ నాలుగు మాటలు ఆయనకే. బాబూ, చర్చిలో నిన్ను ఇంటి యాజకుడివి అంటారు కదా, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. ప్రభువు నడుముకి తువ్వాలు కట్టుకుని శిష్యుల కాళ్లు కడిగాడు. నువ్వు రాత్రి పాప గిన్నెలూ సీసాలూ కడిగి వేడినీళ్లలో మరిగించు, వారానికి రెండు రాత్రులు పాపని నీ పక్కన పడుకోబెట్టుకో, డాక్టరు దగ్గరికి నువ్వే తీసుకెళ్లు. నీ భార్య ప్రార్థన జీవితం బాగుపడాలంటే ఈ ఇంట్లో అందరికంటే ఎక్కువ చేయగలిగింది నువ్వే.

చర్చి సంగతి. మెట్ల మీద కూర్చున్నా సరే, వెళ్లడం మానకు. వాక్యం చెవిన పడకపోతే ఎందుకు వెళ్లడం అన్నావు. జనం మధ్య ఉండటానికి, బల్లలో, అంటే ప్రభు రాత్రి భోజనంలో, చెయ్యి వేయడానికి. మార్కు సువార్త 10వ అధ్యాయంలో పిల్లల్ని తెచ్చినవాళ్లని శిష్యులు గద్దించారు, అది చూసి యేసు కోపపడ్డాడని స్పష్టంగా రాసి ఉంది. పాప ఏడ్చినప్పుడు వెనక్కి తిరిగి చూసేవాళ్లు ఉంటారు, వాళ్ల చూపులకి లెక్క చెప్పక్కర్లేదు. పాస్టరమ్మ గారితో సూటిగా చెప్పు, "ఆరాధనలో ఒక ఇరవై నిమిషాలు ఎవరైనా పాపని ఎత్తుకుంటే నేను లోపల కూర్చుంటాను" అని. మా సంఘంలో పిల్లలు పెద్దవాళ్లైపోయిన నలుగురు ఆడవాళ్లం వంతులేసుకుని ఆ పని చేస్తున్నాం, అడిగేదాకా మాకూ తట్టలేదు. అడిగిన అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుని అడిగింది, మాకు సిగ్గేసింది.

చివరిగా ఒకటి. నా రెండో కాన్పయ్యాక మా వారికి వేరే ఊరు బదిలీ, నాకు నైట్ డ్యూటీలు మళ్లీ మొదలయ్యాయి. అమ్మ వచ్చి నా దగ్గర ఉంది. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, పిల్లకి పాలిచ్చి, మంచం పక్కన మోకాళ్లేసి అట్లాగే దుప్పట్లో మొహం పెట్టి నిద్రపోయాను. అమ్మ లేపింది. నేను ఏడ్చాను, రెండు మాటలు కూడా చెప్పలేకపోయానే అని. అమ్మ నా కాళ్లు పట్టి మంచం మీదకి ఎత్తి దుప్పటి కప్పి, "నువ్వు పడుకో. నీ బదులు నేను చేస్తాలే" అంది. అప్పట్లో అది ఊరడింపు మాట అనుకున్నాను. చాలా ఏళ్లకి మార్కు రెండో అధ్యాయం చదువుతుంటే ఆగిపోయాను. పక్షవాతం వచ్చిన మనిషిని నలుగురు మోసుకొచ్చి కప్పు ఊడదీసి దించారు, యేసు "వారి" విశ్వాసం చూశాడని ఉంది. మంచం మీద ఉన్న మనిషి ఒక్క మాట మాట్లాడినట్టు లేదు.

టెస్ట్ రిపోర్టులు వచ్చాక డాక్టరు ఏమన్నారో ఇక్కడే రాయి, చూస్తాను. ఈ రాత్రి నీ బదులు నేనూ, మా కూడికలో మరో ఇద్దరూ ప్రార్థన చేస్తాం. పాప పడుకోగానే నువ్వూ ఫోన్ పక్కన పెట్టి పడుకో తల్లీ.